ద్రాక్షతోటలకీ ఎంసెట్ ర్యాంకులేనా?

పోయిన నెల మా ఇంటికి భోజనానికొచ్చిన ఓ మిత్రుడు గుమ్మంలోనే సీసా నా చేతిలో పెడుతూ అన్న మొదటి మాట: "తొంభై నాలుగు". వైను పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, ద్రాక్ష రకం చెప్పలేదు. తొంభై నాలుగంతే. వాళ్ళబ్బాయి మార్కులేమో అనుకుని "శుభం, ఏ సబ్జెక్టులో?" అన్నాను. ఆయన నవ్వలేదు. "పాయింట్లు గురూ! నువ్వెప్పుడూ కొనే గైజర్‌విల్ కూడా ఈ వైనరీదేగా? దానికి ఇంతకంటే తక్కువే. తెలిసి తెలిసీ తక్కువదాన్ని పట్టుకుని వేళ్ళాడతావెందుకు?" అని నిలదీశాడు.

అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఒకటి, అతిథి. రెండు, అప్పటికే కంచంలో గోంగూర మాంసం పడింది. ఇప్పుడు చెప్తాను, తీరిగ్గా.

ముందే ఓ మాట. తాగనివాళ్ళని తాగమనడానికి ఇది రాయడం లేదు. మందు ఒంటికి మంచిదని చెప్పే ఉద్దేశం అసలే లేదు, మంచిది కాదు కూడా. వారానికో రెండు మూడు గ్లాసులు భోజనంతో పాటు పుచ్చుకునే నాబోటి వాళ్ళు, ఆ కాస్తా ఎలా ఎంచుకోవాలన్నదే నా గొడవ.

మనకో జబ్బుంది. ర్యాంకు లేనిదే ముద్ద దిగదు. ఎంసెట్ ర్యాంకుతో కాలేజీ ఎంచుకున్నాం, ఆ తర్వాత జీఆర్ఈ స్కోరు, ఇక్కడికొచ్చాక బడి రేటింగు చూసి ఇల్లు, చుక్కలు చూసి హోటలు. ఇంత చదువూ చదివి, చివరికి సాయంత్రం గ్లాసులో పోసుకునే ద్రాక్షరసానికి కూడా వందకి ఎన్నొచ్చాయో చూసుకోకుండా ఉండలేకపోతున్నాం. పైగా తొంభై రెండుకీ తొంభై నాలుక్కీ మధ్య తేడా ఏమిటని అడిగితే "రెండు" అంటారు. అది లెక్క, రుచి కాదు.

అసలు ప్రశ్నే తప్పు. "ఏది గొప్పది?" అన్నది ఒక ప్రశ్న. "ఏది మళ్ళీ మళ్ళీ కొనాలి?" అన్నది వేరే ప్రశ్న. మొదటిదాని జవాబు రెండోదానికి అతికిస్తే ఏమవుతుందో మన వృత్తిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పాలా? బెంచ్‌మార్కులో అదరగొట్టిన డేటాబేసు ప్రొడక్షన్‌లో సోమవారం ఉదయం చేతులెత్తెయ్యడం ఎన్నిసార్లు చూడలేదు! పాయింట్లు వేసేవాడు వరసగా డజన్ల కొద్దీ గ్లాసులు పెట్టుకుని, తలా ఓ గుక్క నోట్లో పుక్కిలించి ఉమ్మేస్తాడు. పక్కన అన్నం ఉండదు, పప్పు ఉండదు, కబుర్లుండవు. అది బెంచ్‌మార్కు. మా భోజనాల బల్ల ప్రొడక్షను.

సరే, వైనరీ సంగతి. దాని పేరు రిడ్జ్. బే ఏరియాలో ఉన్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కూపర్టినోలో మనవాళ్ళు సగం జీవితం గడిపేసే ఆఫీసుల వెనకాల కనపడే కొండల మీద, మెలికలు తిరిగే మాంటే బెల్లో రోడ్డు చివర్న ఉంటుంది. (వెళ్తే తాగనివాణ్ణి ఒకణ్ణి డ్రైవింగుకి తీసుకెళ్ళండి. ఆ మలుపులు వెటకారాలు సహించవు.) 1959లో ఆ కొండ మీది పాత తోట కొన్నది జమీందార్లు కాదు, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే ఇంజినీర్లు. వాళ్ళలో ఒకాయన చార్లీ రోజెన్. షేకీ అనే రోబో వెనక ఉన్న మనిషి. మనం కాలేజీలో బట్టీ పట్టిన ఏ-స్టార్ ఆల్గారిథం 1968లో ఆ ప్రాజెక్టులోంచే బయటికొచ్చింది. అంటే ఇది మన జాతివాళ్ళు వారాంతాల్లో సరదాకి మొదలుపెట్టిన దుకాణమే. 1969లో పాల్ డ్రేపర్ అనే ఆయన చేరాక దీని పేరు దేశాలు దాటింది.

ర్యాంకుల కథ ఈ వైనరీతోనే చెప్పొచ్చు. 1976లో పారిస్‌లో కాలిఫోర్నియా వైన్లకీ ఫ్రెంచి వైన్లకీ పేర్లు చూపించకుండా పోటీ పెట్టారు. ఎర్ర వైన్లలో రిడ్జ్ వాళ్ళ 1971 మాంటే బెల్లోకి ఐదో స్థానం వచ్చింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2006లో, మళ్ళీ అవే పంటల సీసాలు తెరిచి చూశారు. ఈసారి అదే 1971 సీసాకి మొదటి స్థానం! మరి ఐదు నిజమా, ఒకటి నిజమా? రెండూ ఆ రోజుకి నిజమే. రోజు మారింది, సీసాలో వైను మారింది. మనం మాత్రం అంకె మారదనుకుని గోడకి మేకు కొట్టి తగిలిస్తాం.

ఇక జిన్‌ఫాండెల్. ఇది నల్లద్రాక్ష. చాలాకాలం ఇది అమెరికా సొంత రకమనే అనుకున్నారు. 2001లో డేవిస్ యూనివర్సిటీ కేరోల్ మెరెడిత్ గారూ, క్రొయేషియా శాస్త్రవేత్తలూ కలిసి డీఎన్ఏ పరీక్షలు చేసి దీని పుట్టిల్లు క్రొయేషియా తీరమని తేల్చారు. అంటే ఇదీ మనలాగే వలసొచ్చి ఇక్కడ స్థిరపడిందన్నమాట :) దీనికో పెంకితనం ఉంది. ఒకే గుత్తిలో కొన్ని కాయలు ఇంకా పచ్చిగా ఉండగానే కొన్ని ఎండుద్రాక్ష అయిపోతాయి. అన్నీ పండేదాకా ఆగితే చక్కెర పెరిగిపోతుంది, దాంతో ఆల్కహాలూ పెరుగుతుంది. పదిహేను శాతం దాటడం దీనికి వింతేం కాదు.

రిడ్జ్ వాళ్ళు ఈ ద్రాక్షతో తోటకో వైను విడిగా చేస్తారు. "సింగిల్ వైన్‌యార్డ్" అంటే అదే, ఒకే తోట వైను. సీసా మీద తోట పేరు వెయ్యాలంటే 95 శాతం ద్రాక్ష ఆ తోటదే అయుండాలని అమెరికా చట్టం. అంతకంటే ఆ మాటకి అర్థం లేదు. అది చిరునామా, డిగ్రీ కాదు. ఈ ముక్క మన తెలుగువాళ్ళకి ఎవడో ఫ్రెంచివాడొచ్చి నేర్పాలా? నూజివీడు రసాలంటే మనకి తెలుసు. మా అమ్మ ఆవకాయకి ప్రతి ఏడూ ఒకే తోట కాయలు తెప్పించేది. ఆ తోటకి ఎవరూ తొంభై నాలుగు వెయ్యలేదు. మళ్ళీ ఉగాది దాకా ముక్క మెత్తబడకుండా ఉంటుందా లేదా అన్నదే ఆవిడకి కావలసింది. ఆవకాయ కలిపిన మూడోనాడు వేలు నాకి మార్కులు వేసేవాడిని మా అమ్మ వంటింట్లోంచి తరిమేసేది.

నేను పోల్చి చూసినవి నాలుగు. ఒక్కోదాని జాతకం క్లుప్తంగా:

గైజర్‌విల్. సొనోమాలో అలెగ్జాండర్ వ్యాలీ తోట. 1966 నుంచీ రిడ్జ్ వాళ్ళు ఏటా చేస్తున్నారు. తోటలో అన్నిటికన్నా పాత మడిలో తీగలకి 130 ఏళ్ళు పైనే. జిన్‌ఫాండెల్ మూడింట రెండొంతులకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మిగతాది ఎక్కువగా కారిన్యాన్ అనే ద్రాక్ష, కొంచెం పెటీట్ సిరా వగైరా.

లిట్టన్ స్ప్రింగ్స్. పక్కనే, డ్రై క్రీక్ వ్యాలీలో. మొదటి పంట 1972. ఇదీ ముసలి తోటే, తీగలకి నూరేళ్ళు దాటాయి. ఇందులో జిన్‌ఫాండెల్ పక్కన పెటీట్ సిరా పాలెక్కువ. అంటే రంగు ఎక్కువ, వగరు ఎక్కువ.

పగానీ రాంచ్. సొనోమా వ్యాలీ. తీగలు 1896 నుంచి 1922 మధ్య నాటినవి. రిడ్జ్ వాళ్ళు 1991 నుంచి చేస్తున్నారు. ఆలస్యంగా పండే తోట. జిన్‌ఫాండెల్‌తో పాటు లోపలి కండ కూడా ఎర్రగా ఉండే అలికాంటే బూషే అనే ద్రాక్ష కలుస్తుంది. వైను చిక్కగా, నిండుగా ఉంటుంది. మా మిత్రుడి తొంభై నాలుగు ఇదే.

ఈస్ట్ బెంచ్. మళ్ళీ డ్రై క్రీకే, కానీ 2000 ప్రాంతాల్లో నాటిన కుర్ర తోట. దాదాపు అంతా జిన్‌ఫాండెలే. పండు వాసన గుప్పున కొడుతుంది.

ఇక్కడో తమాషా ఉంది. గైజర్‌విల్, లిట్టన్ స్ప్రింగ్స్ సీసాల మీద పెద్దక్షరాల్లో జిన్‌ఫాండెల్ అన్న పేరుండదు, తోట పేరే ఉంటుంది. ఒక ద్రాక్ష పేరు పెట్టాలంటే అది 75 శాతం ఉండాలని చట్టం. వీటిలో చాలా ఏళ్ళు అంత ఉండదు. శాతం కోసం తోటని మార్చే బదులు వాళ్ళు పేరు వదులుకున్నారు. ఏ ద్రాక్ష ఎంత శాతమో మాత్రం చీటీ మీద రాస్తారు. 2011 పంట నుంచి లోపల ఏమేం కలిపారో కూడా, ఎవరూ అడక్కుండానే, అచ్చువేస్తున్నారు. (రీడ్‌మీ ఫైలు రాయడానికి బద్ధకించే మనం సిగ్గుపడాలి.)

దీనికి మా మిత్రుడి అభ్యంతరం: "ప్యూర్ కాదన్నమాట. కల్తీ." ఎంత మాట! ముప్పై ఎకరాల్లో ఒకే రకం మొక్క వరసలుగా నాటడం ఇటీవలి అలవాటు. నూట పాతికేళ్ళ కిందట తోట వేసినవాడు రకరకాల తీగలు కలిపే నాటాడు. వాడికి ల్యాబు లేదు, తోటే ల్యాబు. జిన్‌ఫాండెల్‌లో పండు రుచి ఉంది కానీ కొన్నేళ్ళు పులుపు చాలదు, అందుకని పులుపు నిలబెట్టుకునే కారిన్యాన్. రంగూ వగరూ కావాలి, అందుకని పెటీట్ సిరా. ఆవకాయలో మామిడికాయ ఎంత శాతమని ఎవరైనా అడుగుతారా? ఆవపిండీ, కారం, ఉప్పు, నూనె కలిస్తేనే ఆవకాయ. ఉత్త మామిడికాయే కావాలంటే దాని పేరు పచ్చి మామిడికాయ, ఉప్పు అద్దుకుని తినొచ్చు.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే రెండో విషయం. ఏ కొట్టుకెళ్ళి "మా ఇంట్లో ఇండియన్ వంట, ఏ వైను ఇస్తావు?" అనడగండి. కొట్టువాడు కళ్ళు మూసుకుని చెప్తాడు: "స్పైసీ ఫుడ్డా? జిన్‌ఫాండెల్ పట్టుకెళ్ళు". పాతికేళ్ళుగా వింటున్నాను ఈ మంత్రం. తప్పు వాడిది కూడా కాదు, వాడి భాషది. ఆ భాషలో మిరియం, దాల్చినచెక్క, లవంగం, పచ్చిమిరపకాయ, అన్నిటికీ కలిపి ఒకటే ముక్క. మనకి మసాలా వేరు, కారం వేరు. జిన్‌ఫాండెల్‌లో మిరియపు ఘాటు, లవంగం వాసన తగులుతాయి. నిజమే, మసాలాకి అది జోడీ. కానీ కారానికి? నోట్లో మిరపకారానికి మండే గ్రాహకమే ఆల్కహాలుకీ స్పందిస్తుంది. పదిహేను శాతం వైనుని గుంటూరు కారం మీద పోస్తే అగ్గి మీద ఆజ్యమే. వగరు ఎక్కువున్న వైనైతే నాలుక మీద గరుకుకాగితం రుద్దినట్టుంటుంది. ఇక చింతపండు పులుసు తిన్నాక పులుపు తక్కువున్న వైను తాగితే, ఎంత ఖరీదైనదైనా, చప్పబడిన జాం నీళ్ళలా ఉంటుంది.

కాబట్టి మన భోజనానికి కావలసిన లక్షణాలు మన మాటల్లోనే రాసుకోవచ్చు: పులుపు ఉండాలి, వగరు మితంగా ఉండాలి, ఘాటు అదుపులో ఉండాలి, పండు రుచి ఉండాలి కానీ తీపి మొహం మొత్తకూడదు. దీనికి సిగార్ పెట్టె వాసనా, అడవి నేల వాసనా అని చీటీల్లో రాసే కవిత్వం అక్కర్లేదు. బాయిసన్‌బెర్రీ అంటారు, ఈ జన్మలో తిన్న పాపాన పోలేదు. నేరేడుపండు అని చెప్పండి, అర్థమవుతుంది.

సరే, కబుర్లు కాదు, పరీక్ష పెట్టి చూద్దాం అన్జెప్పి మిత్రుడితోనే పందెం కట్టాను. ఒక శనివారం ఆరుగురం కూర్చున్నాం. సీసాలు గోధుమరంగు కాగితపు సంచుల్లో పెట్టి నంబర్లు వేసే పని మా ఆవిడది. ఏ నంబరు ఏదో తనకొక్కదానికే తెలుసు. నేను నాలుగు సీసాలిస్తే బల్ల మీదికి ఐదు సంచులొచ్చాయి. "ఐదోది ఏమిటోయ్?" అంటే "తాగి చూడండి" అంది. తను తాగదు, అందుకే తీర్పులో పక్షపాతం లేదు.

మొదటి రౌండు: తిండి లేకుండా తలా ఓ గుక్క, పదికి మార్కులు. రెండో రౌండు: భోజనం. గుత్తివంకాయ కూర, గోంగూర మాంసం, టమాటా పప్పు, చివర్న పెరుగు. భోజనంలో మార్కులు లేవు. ఎవరికి ఏది కావాలంటే అది పోసుకోవచ్చు. అంతా అయ్యాక ఏ సీసాలో ఎంత మిగిలిందో వంటింటి కొలత గ్లాసుతో కొలిచాం. నా కొలబద్ద అదొక్కటే. మనిషి నోటితో ఏం చెప్పినా, చెయ్యి ఏ సీసా వైపు వెళ్తుందో అది అబద్ధం చెప్పదు.

మొదటి రౌండులో పగానీ రాంచ్ మొదటి స్థానం, దగ్గర్లో ఎవరూ లేరు. నేనూ దానికే తొమ్మిది వేశాను, దాచిపెట్టను. రెండోది ఈస్ట్ బెంచ్. గైజర్‌విల్ మూడో స్థానం. మిత్రుడు మీసం లేకపోయినా మెలేశాడు.

భోజనం అయ్యాక చూస్తే గైజర్‌విల్ సీసాలో చుక్క లేదు. పగానీలో సగానికి పైగా మిగిలింది. అందరూ పొగిడిన వైను, ఎవరూ రెండో గ్లాసు పోసుకోలేదు! అది తప్పు వైనని నేననడం లేదు. ఉత్త చేతులతో, ఓ జున్ను ముక్కతో, చలికాలం రాత్రి అది అద్భుతం. గోంగూర పక్కన మాత్రం దాని నిండుతనమే దానికి బరువైంది. ఈస్ట్ బెంచ్ వంకాయతో బాగానే ఉంది, పప్పు దగ్గరికొచ్చేసరికి తేలిపోయింది. లిట్టన్ స్ప్రింగ్స్ మాంసంతో భేషుగ్గా ఉంది కానీ, అది మరీ కొత్త సీసా, వగరు ఇంకా లొంగలేదు.

రెండు వారాల తర్వాత చేపల పులుసుతో మళ్ళీ పెట్టాం. ఈసారి సీసాల్ని ఓ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచాను. అసలు ఎర్ర వైను గది వేడిమిలో తాగాలన్న నియమం చలిదేశపు రాతిగోడల గదుల నాటిది, మన వంటిల్లు ముప్ఫై డిగ్రీల్లో ఉడుకుతుంటే ఆ నియమమేమిటి? కాస్త చల్లబడితే ఘాటు అణుగుతుంది. ఆ రోజూ గైజర్‌విల్లే ముందు ఖాళీ అయింది. అయితే ఆ సాయంత్రం నేనొక ఎనిమిదేళ్ళనాటి లిట్టన్ స్ప్రింగ్స్ కూడా తీశాను. అది మాత్రం నా గైజర్‌విల్‌ని చిత్తుచేసింది. వగరంతా పట్టులా మారిపోయింది. ఉగాది దాకా ఆగిన ఆవకాయ అన్నమాట.

ఇక నా వాదనకి చిల్లు పడిన చోటు కూడా చెప్పాలి కదా. మా ఆవిడ దొంగచాటుగా పెట్టిన ఐదో సంచిలో ఉన్నది త్రీ వ్యాలీస్. అదీ రిడ్జ్‌దే, కానీ ఒకే తోటది కాదు. సొనోమాలో చాలా తోటల ద్రాక్ష కలిపి 2001 నుంచి చేస్తున్నారు. గైజర్‌విల్ కన్నా బాగా చవక. నేను కొనేటప్పుడు ఇది ముప్ఫైల్లో ఉంటే అది యాభైల్లో. రెండు రోజులూ మొదటి రౌండులో దీనికి ఆఖరి స్థానం. రెండు రోజులూ భోజనంలో ఖాళీ అవడంలో రెండో స్థానం. "అంత ఖర్చు దేనికండీ మరి?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకి ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. రెండు గిన్నెలు తోమి పడుకున్నాను.

తర్వాత ఆలోచించాను. ఖర్చే లెక్కయితే మా ఆవిడే కరెక్టు. ఉత్త సాయంత్రపు భోజనానికి త్రీ వ్యాలీస్ కొనండి, చీకూ చింతా ఉండదు. నేను గైజర్‌విల్ కొనడానికి రుచి ఒక కారణమైతే, తోట రెండో కారణం.

ముసలి తీగ కాయలు తక్కువ కాస్తుంది. కూలి ఖర్చు మాత్రం తగ్గదు. సొనోమా జిన్‌ఫాండెల్ టన్ను ధర నాపా కాబర్నే ధరలో సగం కూడా ఉండదు. తోట యజమాని కూతురో కొడుకో ఓ రోజు కాగితం పెన్నూ తీసుకుని కూర్చుంటే లెక్క ఒకటే చెప్తుంది: పీకేసి కాబర్నే వెయ్యి, లేదా అమ్మేసెయ్యి. "ఓల్డ్ వైన్" అన్న మాటకి అమెరికాలో చట్టపరంగా అర్థమే లేదు, కాబట్టి చట్టం కాపాడదు. 2024 నాటికి కాలిఫోర్నియాలో ద్రాక్ష కొనేవాళ్ళు లేక కాయల్ని తీగ మీదే వదిలేసినవాళ్ళూ, తోటలు పీకించేసినవాళ్ళూ ఉన్నారు. నూట ముప్ఫై ఏళ్ళ తీగని ట్రాక్టరు ఒక పూటలో పీకేస్తుంది. తిరిగి నాటితే అది మళ్ళీ అంతవడానికి నూట ముప్ఫై ఏళ్ళే పడుతుంది. దీనికి అన్‌డూ లేదు.

మరి ఇన్నాళ్ళూ ఈ తోటల్ని ఏది బతికించింది? పాయింట్లా? కాదు. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్న రోజుల్లో ఇంట్లో వైను చేసుకోవడానికి రైళ్ళలో ద్రాక్ష తెప్పించుకున్న మామూలు జనం బతికించారు. 1975లో సటర్ హోమ్ అనే వైనరీలో ఒక తొట్టెలో పులియడం మధ్యలో ఆగిపోయి, తీపి మిగిలిన లేత గులాబి వైను తయారైంది. వైట్ జిన్‌ఫాండెల్ అని అమ్మారు. రసజ్ఞులు ఛీ అన్నారు. జనం మాత్రం 1980లలో సీసాల మీద సీసాలు కొన్నారు, ప్రతి వారం కొన్నారు. జిన్‌ఫాండెల్‌కి గిరాకీ నిలబడింది, ముసలి తోటల్లో చాలా వాటికి గొడ్డలి తప్పింది. రసజ్ఞులు ఈరోజు తొంభై నాలుగు వేస్తున్న తోటలు మిగిలున్నాయంటే అందులో వాళ్ళు ఛీ అన్న గులాబి నీళ్ళ పుణ్యం కూడా ఉంది.

అందుకే నా మాట. ఏడాదికోసారి పుట్టినరోజుకి కొనే ట్రోఫీ సీసా ఏ తోటనీ నిలబెట్టదు. అలవాటుగా కొనే సీసా నిలబెడుతుంది. మా అమ్మ ఏటా అదే తోట కాయలు అడగబట్టి ఆ తోటవాడు ఆ చెట్లు కొట్టించకుండా ఉంచాడు. ఈ సంగతి ఆ తోటవాడే మా అమ్మతో అన్నాడు.

"అయితే పాయింట్లు దండగంటావా?" అంటారు. పూర్తిగా కాదు. తెలియని వంద సీసాల ముందు నిలబడ్డప్పుడు, చెత్త ఏరేయడానికి పనికొస్తాయి. రెజ్యూమేలు వడకట్టినట్టు. కానీ వడకట్టాక ఇంటర్వ్యూ చెయ్యకుండా ఉద్యోగం ఇస్తామా? "నువ్వేమైనా నిపుణుడివా?" అని కూడా అంటారు. కాదు. మా ఇంటి పప్పు విషయంలో మాత్రం ఏ నిపుణుడికన్నా నాకే ఎక్కువ తెలుసు. "ఆరుగురితో, రెండు పూటలతో తేలిపోతుందా?" తేలదు. అందుకే మీ ఇంట్లో మీరు చెయ్యండి. మీది నెల్లూరు చేపల పులుసో, తెలంగాణ పచ్చి పులుసో, ఉత్త ముద్దపప్పో. మీకు వేరే సీసా ఖాళీ అవ్వచ్చు. మహా సంతోషం, ఆ సీసానే కొనండి. ఏటా కొనండి.

నా లెక్క ఇదీ. ఏడాదికి గైజర్‌విల్ ఆరు. లిట్టన్ స్ప్రింగ్స్ రెండు, కొని అటక కింద చీకట్లో పారేసి ఎనిమిదేళ్ళు మర్చిపోవడానికి. మామూలు రోజులకి త్రీ వ్యాలీస్, మా ఆవిడ గెలిచినందుకు. పగానీ, ఈస్ట్ బెంచ్ కొండెక్కినప్పుడు అక్కడే రుచి చూసి దణ్ణం పెట్టి రావడానికి.

మిత్రుడు పందెం ఓడి మొన్న మళ్ళీ భోజనానికొచ్చాడు. చేతిలో గైజర్‌విల్ సీసా. గుమ్మంలోనే నా మొహం చూసి, "ఏ పంటదో చెప్పను, ఎన్ని పాయింట్లో అసలే చెప్పను, ముందు లోపలికి రానీ" అన్నాడు. మెంతికూర పప్పుతో తాగాం. అది మాత్రం అంత బాగా కుదరలేదు. మెంతికూర చేదు ఏ వైనుకీ లొంగేలా లేదు. మీలో ఎవరికైనా దానికి జోడీ తెలిస్తే చెప్పండి, కొని చూస్తాను.